మందుకు మందు

జూలై 6, శనివారం

అత్త వచ్చింది. రెండు వారాలకేనట.

ఊరి నుంచి కోవిల్‌పట్టికి ఒక్కతే వచ్చింది, విళాత్తికుళంలో బస్సు మారి. భుజాన గుడ్డసంచి, చంకలో మునక్కాయల కట్ట, చేతిలో మూత పెట్టిన ప్లాస్టిక్ బకెట్, మూత మీద రాయి. నాటుకోడి తెచ్చింది అనుకున్నా. సంతోషపడినా కూడా. మూత తీసి చూస్తే అడుగున ముళ్ళ బంతి ఒకటి.

"ముళ్ళెలి," అనింది అత్త. "దగ్గుకు."

చేను గట్టున కంప కొట్టిస్తుంటే ఈ ముళ్ళెలుక దొరికిందట. దాని ముళ్ళు కాల్చి ఆ బూడిద తేనెలో కలిపి నాకితే ఎలాంటి దగ్గయినా పోతుందని వాళ్ళ ఊళ్ళో అందరూ అంటారు. అత్తకు ఎండుమిరపకాయల కాలం నుంచి దగ్గు. మిరప ఘాటు అంటుంది. మిరపకాయలు అమ్మి ఎన్నాళ్ళో అయింది, దగ్గు మాత్రం అమ్ముడుపోలేదు. మనిషి కూడా చిక్కింది. ఆస్పత్రి మాట ఎత్తితే, "పేరడగతారు, వయసడగతారు. నా వయసుతో వాళ్ళకేం పని," అంటుంది.

మా ఆయన శివరామన్ విరుదునగరం పప్పుల మండి నుంచి పొద్దుగూకినాక వచ్చినాడు. బకెట్‌లోకి తొంగిచూసి "బాగుండావా" అన్నాడు. అమ్మను అడిగినాడో దాన్ని అడిగినాడో తెలియలేదు.

మా కూతురు మహేశ్వరిప్రియ మదురై హాస్టల్లో ఉంది కాబట్టి దాని గది అత్తకు ఇచ్చినా. నాకేమీ కోపం లేదు. రెండు వారాలే కదా.

ఈ ఇంట్లో అందరికీ తెలుగు మాట్లాడను వస్తుంది, చదవను నాకొక్కదానికే వస్తుంది. చిత్తూరులో ఐదో క్లాసు దాకా చదివిన చదువు ఈ డైరీకైనా పనికొస్తోంది.

జూలై 7, ఆదివారం

కాఫీకి ముందే అత్త తేనె అడిగింది. ఇంట్లో లేదన్నా. కొడుకును అంగడికి పంపింది. నేను కరివేపాకు తెమ్మంటే కొత్తిమీర తెచ్చే మనిషి, అమ్మ అడిగిందని కొండతేనె వెతికి మరీ తెచ్చినాడు.

బకెట్ దొడ్లోకి తీసుకుపోయి చూసినా. ఊరికే చూసినా, అంతే. అది కొంచెం విచ్చుకుంది. ముక్కు నల్లగా, తడిగా, బొత్తిగా చిన్న పందిపిల్ల ముక్కు. వీపు మీద ఒక పక్క ముళ్ళే లేవు. చర్మం తెల్లగా పొట్టు లేస్తోంది. చెవి వెనక నెత్తురు. బకెట్ అడుగున రాలిన ముళ్ళు. కాళ్ళతో గోక్కునేది చాలక బకెట్ గోడకు ఒళ్ళు రుద్దుకుంటోంది.

లోపలికి వచ్చేసరికి అత్త పెనం పొయ్యి మీద పెట్టి ఉంది.

"అత్తా, దానికి గజ్జి," అన్నా.

"ఉంటే ఏమి?"

"గజ్జి పట్టిన దాని ముళ్ళు తింటే గొంతు లోపల గజ్జి లేస్తుంది. అక్కడ గోక్కోను కూడా కాదు."

ఈ మాట ఎక్కడ విన్నానో నాకు తెలియదు. ఎక్కడా వినలేదు. అత్త గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. ఒక దగ్గు దగ్గింది.

"అట్లయితే బాగు సెయ్యి. బాగయినంక కాలస్తాము."

పెనం దించబోతే నేనే వద్దన్నా. అదే పెనం మీద దోసెలు పోసినా.

జూలై 8, సోమవారం

నేను జంతువులను సాకే మనిషిని కాదు. ఎప్పుడూ కాదు. పాత లుంగీ చించి బకెట్‌లో పరిచింది చలి వేస్తుందని కాదు, గోళ్ళ చప్పుడు వినబడకుండా.

జూలై 9, మంగళవారం

ఇక్కడ కోవిల్‌పట్టిలోనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయినా. బుట్టలో పెట్టి తువ్వాలు కప్పినా. ఆటో అతను "ఏం కాయక్కా?" అని అడిగినాడు. పనసకాయ అన్నా. దారంతా పనసకాయ గోక్కుంటూనే ఉంది. అతను అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

డాక్టరు తువ్వాలు ఎత్తి చూసి మళ్ళీ కప్పేసినాడు. ఆయన చూసేది ఆవు, మేక, కోడి. "దీనికి ముందేది, వెనకేది?" అని నన్నే అడిగినాడు. విరుదునగరంలో ఒక డాక్టరమ్మ ఇట్లాంటి చిన్న జీవాలను కూడా చూస్తుందని చెప్పి పంపినాడు.

ఇంటికొస్తే అత్త గుమ్మంలో ఉంది. "మందు ఏమాయ?"

దానికి ఆమె పెట్టిన పేరు అది. మందు. రాలిన ముళ్ళన్నీ ఏరి పసుపు డబ్బాలో వేసుకుంటోంది. దాంట్లో ఉన్న పసుపు ఒక కాగితంలో పోసి నా చేతికిచ్చింది.

జూలై 11, గురువారం

మందుకు అత్త పాలు పోసింది. దాని కడుపు చెడింది. లుంగీ మొత్తం పోయింది.

పాలు ఎందుకు పోసినారని అడిగితే, "ఎండిపోతే బూడిద ఎక్కువ రాదు," అనింది. ఆమెకు దాని మీద జాలి ఏమీ లేదట, నన్ను అట్ల చూడొద్దంది.

ఉడికిన గుడ్డు, దొడ్లో వానపాములు, అంతే ఇకమీద. వానపాములు తవ్వింది నేను. పక్కింటి వాళ్ళకు మొక్కలు పెడుతున్నా అని చెప్పినా.

జూలై 13, శనివారం

విరుదునగరం పోయి వచ్చినాము. అత్త తనూ వస్తానంది. నేను దారిలో సాత్తూరులోనే దాన్ని వదిలిపెట్టి వస్తానని ఆమెకు అనుమానం. (ఆ ఆలోచన నాకు ఒక్కసారే వచ్చింది.)

డాక్టరమ్మ పేరు తమిళ్‌సెల్వి. చిన్న వయసు. ఆమె క్లినిక్ వరండాలో ఒక వేటకుక్క, ఒక పందెం కోడి, ఒక మేక. అందరూ బుట్టలోకి తొంగి చూసినారు. తర్వాత అత్తకు దగ్గు వచ్చింది. అది మొదలైతే ఒక పట్టాన ఆగదు, చీర కొంగు నోట్లో కుక్కుకుంటుంది, కళ్ళలో నీళ్ళు. మేకను తెచ్చిన ఆమె లేచి మేకతో సహా అవతలి బెంచీకి పోయి కూర్చుంది. ముళ్ళెలుకకు ఎవరూ భయపడలేదు. అత్తకు భయపడినారు. అత్త చూడనట్టు కోడిని చూస్తూ ఉంది.

లోపల బల్ల మీద మందు బంతిలా చుట్టుకునింది. విప్పుకోను ఒప్పుకోలేదు. డాక్టరమ్మ పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు కాస్త పోసి దాంట్లో దించింది. ఇక తప్పదన్నట్టు మెల్లగా ముక్కు వచ్చింది, కాళ్ళు వచ్చినాయి. అత్త కూడా ఒంగి చూసింది. దాని మొహం ఆమె సరిగ్గా చూసింది ఇప్పుడే అనుకుంటా.

"మనూరి ముత్తుమారి గుడి పూజారి మొహం," అనింది నాతో తెలుగులో.

కంటికి కనబడని పురుగులు చర్మంలో ఉన్నాయట. మెడ వెనక ఒక చుక్క మందు వేసింది. రెండు వారాల తర్వాత ఇంకోసారి వెయ్యాలి. పడుకునే గుడ్డలు రోజూ ఉడకబెట్టాలి. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ఇది అడవి జీవమనీ చట్టప్రకారం ఇంట్లో పెట్టుకోకూడదనీ చెప్పింది. మా ఎదురుగానే ఫారెస్టు గార్డు వెళ్ళైసామికి ఫోను చేసింది. అతనన్నది ఏమంటే, జబ్బుగా ఉన్నదాన్ని ఇప్పుడు వదిలితే చస్తుంది, బాగయ్యేదాకా ఉంచుకోండి, బాగయినాక నేనొచ్చి చూస్తాను, ఎక్కడ దొరికిందో అక్కడే వదలాలి.

అత్త "ఊఁ" అనింది. బాగయినాక అత్తకు వేరే పని ఉందని గార్డుకు తెలియదు.

"మీకు ఈ దగ్గు ఎన్నాళ్ళుగా ఉందమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"పేషెంటు అది," అనింది అత్త.

"సరే, పేషెంటు అదే. దాని పక్కన కూర్చుని రోజంతా దగ్గేది మీరు. మనిషి జబ్బు కొన్ని జీవాలకు కూడా అంటుకుంటుంది. మీది ఎలాంటి దగ్గో చూపించుకోండి. అంతదాకా దాని దగ్గర కూర్చోకండి."

తిరుగు బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. సాత్తూరులో కిటికీ దగ్గరికి దోసకాయలు వస్తే కొనలేదు. సాత్తూరులో దోసకాయ కొనకుండా ఆమె దాటడం నేను చూడలేదు. ఊరు దాటినాక అడిగింది.

"నా దగ్గు దానికి అంటితే మందు సెడిపోతాది కదా?"

"చెడిపోతుంది."

"అయితే ఆ పెద్దాస్పత్రికి పోదాము. మందు సెడిపోకూడదు."

నేను తల తిప్పి బయటికి చూసినా. బయట చూడదగింది ఏమీ లేదు, నల్లరేగడి, కంప, మళ్ళీ నల్లరేగడి.

జూలై 15, సోమవారం

విరుదునగరం పెద్దాస్పత్రి. ఆయన మండికి సెలవు పెట్టి మాతో వచ్చినాడు. నర్సు వయసు అడిగితే అత్త, "నువ్వే చూసి రాసుకో," అనింది. ఆ అమ్మాయి చూసి రాసుకుంది. ఎంత రాసిందో నాకు చూపించలేదు.

గళ్ళ తీసుకున్నారు, ఎక్స్‌రే తీసినారు. డాక్టరు ఏమైనా అడగాలా అంటే అత్త తమిళంలో అడిగింది, "ముళ్ళెలి పక్కన కూర్చోవచ్చా?"

డాక్టరుకు ముల్లై అని వినబడి, మనవరాలి పేరనుకున్నాడు పాపం. "రిజల్టు వచ్చేదాకా పిల్లను దూరంగా ఉంచండి," అన్నాడు. "ఏం తింటుంది, సరిగ్గా తింటుందా?"

"వానపాములు," అనింది అత్త.

డాక్టరు నా మొహం చూసినాడు. నేను మా ఆయన మొహం చూసినా. ఆయన ఎక్స్‌రే చూస్తున్నాడు.

జూలై 17, బుధవారం

ఆడి నెల పుట్టింది. ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. ఉందట.

ఇడ్లీకి నానబోయలేదు.

జూలై 18, గురువారం

ఎవరు చెప్పాలని నిన్నంతా ఇద్దరం చూసుకున్నాము. చివరికి నేనే చెప్పినా. టీబీ అత్తా, ఇప్పుడు దానికి మంచి మాత్రలు ఉన్నాయి, ఆరు నెలలు మానకుండా వేసుకుంటే పూర్తిగా పోతుంది, మాత్రలు ఇక్కడే కోవిల్‌పట్టిలో ఇస్తారు, మేం కూడా టెస్టు చేయించుకోవాలి, కొన్నాళ్ళు మాస్కు వేసుకోవాలి, కిటికీలు తెరిచి పెట్టాలి. అన్నీ ఒకే ఊపిరిలో చెప్పినా.

అత్త కాళ్ళు చాపుకుని చాలాసేపు తన పాదాలను చూసుకుంది.

"ఆరు నెలలా? నేను రెండు వారాలని కదా వచ్చినా."

నేను కూడా అదే అనుకున్నా. అనుకున్నందుకు నా మీద నాకు చీదర పుట్టింది. దొడ్లోకి పోయి లుంగీ ముక్కలు ఉడకబెట్టినా. అవి పొద్దున ఉడకబెట్టినవే.

ఆయన ఏం చెయ్యాలో తెలియక బజారుకు పోయి వేరుశనగ మిఠాయి తెచ్చినాడు. ఒక పెట్టె నిండా తెచ్చినాడు. ముగ్గురం కూర్చుని తిన్నాము, పటపట కొరుక్కుంటూ. అత్త చివర్లో అనింది, "మందుకు పెట్టొద్దు. పండ్లు పోతాయి."

జూలై 20, శనివారం

మాత్రలు మొదలు. అత్త అరచేతిలో పెట్టుకుని, ఇవి గుర్రానికి ఇచ్చేవి, తప్పు ఇంటికి వచ్చినాయి అనింది.

"మందు ఊరికే ఉంది కదా అత్తా, చుక్క వేస్తే ఏమైనా అనిందా?"

"దానికి మెడ మీద వేసిరి. నాకూ మెడ మీద వెయ్యమను."

చివరికి వేసుకుంది. ఎప్పుడు వేసుకుందంటే, నేను బుట్ట తెచ్చి తలుపు అవతల పెట్టి, గుడ్డు పెట్టినప్పుడు. అది ఒక ముక్క తింటే ఈమె ఒక మాత్ర. అది మూతి తిప్పుకుంటే ఈమె కూడా ఆగేది. గుడ్డు చాలక ఇంకోటి ఉడకబెట్టినా.

ఇంట్లో పొద్దున మాట ఇప్పుడు ఇదే. మందుకు మందయిందా, అత్తకు మందయిందా. ఆయన రెండు సార్లూ "ఆఁ" అంటాడు, ఏమీ చూడకుండా.

జూలై 22, సోమవారం

బాత్రూమ్ లోపల నుంచి అత్త గుసగుసగా పిలిచింది. "సంగవీ, ఇట్ల రా. ఒకతే రా."

పోయినా. చూపించింది. నారింజ రంగు.

"నా పని అయిపాయ," అనింది మెల్లగా. "లోపల కుంకం కరిగిపోతుండాది. నువ్వు ఆ ఎలికను పట్టుకున్న చేత్తోనే నాకు రసం పోసినావు కదా."

మాత్రలిచ్చే నర్సుకు ఫోను చేసినా. ఆ మాత్రలకు అట్లే వస్తుందట, భయపడాల్సింది లేదట, రంగు వస్తుంటే మాత్ర లోపలికి పోతున్నట్టేనట. అత్త చాలాసేపు నమ్మలేదు. సాయంత్రం కిటికీలోంచి పక్కింటి కర్పగంతో చెబుతుంటే విన్నా: "నీకు రాదు అట్లాంటి రంగు. దానికి గవుర్మెంటు మాత్ర కావాల."

మా ఇద్దరి టెస్టులూ వచ్చినాయి. ఏమీ లేదు.

జూలై 26, ఆడి శుక్రవారం

అమ్మవారి పేర వీధిలో కూళు, అంటే రాగి అంబలి, పోసినారు. అత్త మాస్కుతో కిటికీ దగ్గర కూర్చుని చెంబులో పోయించుకుంది. దగ్గు తగ్గింది. తగ్గిందని ఎవరూ అనలేదు, దిష్టి తగులుతుందని. నేను కూడా ఇక్కడ రాయకూడదు.

జూలై 27, శనివారం

రెండో చుక్క. పురుగులు పోయినాయట. వీపు మీద ఖాళీగా ఉన్న చోట చిన్న చిన్న ముళ్ళు మొలుస్తున్నాయి, వరి నారు మొలిచినట్టు. బరువు పెరిగింది. డాక్టరమ్మ సంతోషపడింది. "ఇంకో రెండు వారాల్లో వెళ్ళైసామికి చెప్పేయొచ్చు," అనింది.

నేను కూడా సంతోషపడినా. పడాలి కదా.

ఇంటికొచ్చి అత్తకు చెప్పినా. బాగయిపోతోంది అత్తా, అన్నా. ఆమె తేనె సీసా వైపు చూస్తుందేమో అని చూసినా. చూడలేదు. లేచి పోయి అరగంట తర్వాత ఒక ముల్లు వేళ్ళతో పట్టుకుని వచ్చింది.

"ఇంకా రాలతానే ఉండాది. ఆ డాక్టరు బిడ్డ సిన్నపిల్ల, దానికేం తెలస్తాది."

ముల్లు తీసుకుని చూసినా. మొదలు దగ్గర పసుపు అంటుకుని ఉంది. రాలిన ముళ్ళలో పసుపు ఉండేది మా వంటింటి డబ్బాలోవి మాత్రమే.

"అవునత్తా," అన్నా. "ఇంకా బాగాలేదు."

ఆగస్టు 1, గురువారం

వెళ్ళైసామి ఫోను చేసినాడు. ముళ్ళు ఇంకా రాలుతున్నాయా అని అడిగినాడు. రాలుతున్నాయి అన్నా. అది అబద్ధం కాదు. రోజుకొకటి రాలుతోంది, అత్త చేతి నుంచి.

ఆగస్టు 4, ఆదివారం

మందు కనబడలేదు.

పొద్దున బుట్ట బోర్లా పడి ఉంది. దొడ్లో లేదు, మెట్ల కింద లేదు, గ్యాసు సిలిండరు వెనక లేదు. అత్త మాస్కు పెట్టుకుని నేల మీద కూర్చుని ప్రతి మంచం కిందకూ వంగి చూసింది. "మందూ, మందూ," అని పిలిచింది. అట్ల పిలిస్తే వచ్చే జీవం కాదది. నేను చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడినా. ఎదురు వీధిలో కుక్కలు ఉన్నాయి. వాటిని చూస్తూ అట్లే నిలబడినా, ఎంతసేపో.

మా ఆయనకు షుగరు ఉందని వాకింగు పొమ్మని మూడేళ్ళ కింద డాక్టరు చెప్పినాడు. అప్పుడు కొన్న బూట్లు అట్లే ఉన్నాయి. ఈ గొడవలో ఇంట్లో ఉండలేక, మొదటిసారి వాకింగుకు బయలుదేరినాడు. బూటులో కాలు పెట్టినాడు.

ఆ కేక అవతలి వీధి దాకా పోయింది.

అత్త పరిగెత్తుకుని వచ్చింది. బూటు తీసుకుంది. లోపల చూసింది. "దెబ్బ తగిలిందా నాయనా?" అనింది. ఆయన కాలు పట్టుకుని "చిన్న గాయమే అమ్మా," అన్నాడు. ఆమె ఆయన్ని అడగలేదు.

బూటు తల్లకిందులుగా పట్టుకుంటే అది రాలేదు. వదిలేసినాము. తనంతట తానే వచ్చింది, మధ్యాహ్నం, గుడ్డు వాసనకు. ఆయన వాకింగు మళ్ళీ వాయిదా.

ఆగస్టు 7, బుధవారం

దోసెలోకి ఏమీ లేదంటే ఆయన ఆ కొండతేనె సీసా మూత తీసి పోసుకున్నాడు. అత్త చూసింది. సీసా లాక్కుంటుందనుకున్నా. తన పళ్ళెం కూడా ముందుకు జరిపింది.

ఆగస్టు 10, శనివారం

వెళ్ళైసామి చెప్పకుండా వచ్చినాడు. ఖాకీ చొక్కా, బైకు మీద. మంచి మనిషి, గుమ్మంలోనే చెప్పులు విడిచినాడు.

అత్త బుట్ట మీద తువ్వాలు కప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "సానా జబ్బుగా ఉండాది," అనింది తమిళంలో, చావింట్లో మాట్లాడే గొంతుతో. "కన్ను తెరవదు. తిండి లేదు. ఇంకో నెల పోనీ."

"ఒకసారి చూడనీ అవ్వా."

తువ్వాలు తీయక తప్పలేదు. అతను దాన్ని మెల్లగా నేల మీద పెట్టినాడు. బంతిలా ఉంది, కదల్లేదు. అత్త నా వైపు చూసింది, చూసినావా అన్నట్టు. నేను కూడా మొహం వేలాడేసినా.

అప్పుడు ఫ్రిజ్ కింద నుంచి ఒక బొద్దింక వచ్చింది.

బంతి విచ్చుకుంది. కాళ్ళు వచ్చినాయి. అది అంత వేగంగా పోగలదని నాకు తెలియదు. బొద్దింకను గోడ మూలకు తరిమి పట్టి కరకరా నమిలింది, రెక్కలతో సహా, మా ముగ్గురి ముందర. నమిలినాక మూతి నాకుకుని ఇంకోటి ఉందా అన్నట్టు ఫ్రిజ్ కింద ముక్కు పెట్టింది.



"ఇదా జబ్బు?" అన్నాడు వెళ్ళైసామి.

"జబ్బు మనిసి తినడా?" అనింది అత్త.

అతను నవ్వలేదు. కాఫీ తాగినాడు. తర్వాత మెల్లగా చెప్పినాడు, వానలకు ముందే వదిలితే మంచిది అవ్వా, అది బొరియ వెతుక్కోవాలి, జత వెతుక్కోవాలి, బుట్టలో ఉంటే ఎట్ల. వచ్చే ఆదివారం మీ ఊరికే వస్తాను, మీ చేత్తోనే వదలండి.

జత మాటకు అత్త తల వంచింది. ఒంటరిగా ఉండే కష్టం ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

"సరే," అనింది.

అతను పోయినాక ఫ్రిజ్ కింద ఊడ్చినా. సిగ్గేసింది, ఇల్లు అంత మురికిగా ఉంచుకున్నందుకు. అత్త మాత్రం, "ఊడవొద్దు. ఆదివారం దాకా ఉండనీ," అనింది.

ఆగస్టు 13, మంగళవారం

పసుపు డబ్బా కడిగి బోర్లించి ఉంది. ముళ్ళన్నీ ఏం చేసినారని అడిగితే, మురుగ్గాలువలో పోసినా అనింది. "పురుగుల ముళ్ళు ఎవరు తింటారు?" అని నన్నే అడిగింది, ఏదో నేను తినమన్నట్టు.

ఆగస్టు 17, శనివారం

రేపు ఊరికి.

అత్త మధ్యాహ్నం నుంచి తన సంచి సర్దుకుంటోంది. దాన్ని వదిలి నేను అక్కడే ఉండిపోతాను అనింది. రెండు వారాలని వచ్చి ఎన్నాళ్ళయిందో, మీకు కష్టం, నా ఇల్లు నాకుంది. దగ్గు కూడా లేదు. మాత్రలు ఊళ్ళోనే వేసుకుంటా.

మంచిదే. మహేశ్వరిప్రియ గది ఖాళీ అవుతుంది. సెలవులకు వస్తే దానికి చోటు. కిటికీలు మూసుకోవచ్చు. టీవీ నేను చూసేది చూడొచ్చు.

ఊళ్ళో మాత్రలు ఎవరు చూస్తారు? గుడ్డు ఎవరు ఉడకబెడతారు?

ఆయన్ని అడిగినా, మీ అమ్మను ఉండమని చెప్పొచ్చు కదా అని. "నువ్వు చెప్పు," అన్నాడు. "నేను చెబితే నీ కోసం చెప్పినట్టు ఉంటుంది," అన్నా. "నేను చెబితే నా కోసం చెప్పినట్టు ఉంటుంది," అన్నాడు. అట్లే పడుకున్నాము.

మంచిదే. గది ఖాళీ అవుతుంది.

ఆగస్టు 18, ఆదివారం

పోయి వచ్చినాము. ఇంకా కాళ్ళకు మట్టి ఉంది. ముందు ఇది రాసి తర్వాత కడుక్కుంటా.

ఆయన స్నేహితుడి కారు అడిగి తెచ్చినాడు. వెనక సీటులో నేను, అత్త, మధ్యలో బుట్ట. దారిలో అత్త దానికి ఊళ్ళ పేర్లు చెబుతూ వచ్చింది. అది వినలేదు, నిద్రపోయింది.

చేను దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది. వెళ్ళైసామి ముందే వచ్చి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఉత్తరం పక్క కంప పొదలు, వాటి కింద ఎర్రమట్టి దిబ్బ. అక్కడే దొరికిందట. అత్త చెప్పులు విడిచి బుట్ట తీసుకుని పోయింది, మమ్మల్ని ఆగమని సైగ చేసింది. నేల మీద దింపింది. అది చుట్టుకుని ఉండిపోయింది. అత్త పక్కనే గొంతు కూర్చుంది. మేం దూరంగా నిలబడినాము. ఆమె ఏదో మాట్లాడుతోంది. నాకు కొన్నే వినబడినాయి. కుక్కల దగ్గరికి పోవద్దనింది. పాలు ఎవరు పోసినా తాగొద్దనింది.

చాలాసేపటికి ముక్కు బయటికి వచ్చింది. గాలి వాసన చూసింది. ఒక అడుగు వేసింది, ఆగింది, మళ్ళీ వేసింది. తర్వాత వెనక్కి చూడకుండా పొద కిందికి దూరిపోయింది. ఎండుటాకుల చప్పుడు కొంచెంసేపు వినబడింది, తర్వాత అది కూడా లేదు.

అత్త లేవలేదు. నేను పోయి చెయ్యి పట్టి లేపినా. చెయ్యి వదల్లేదు, ఆమె వదల్లేదా నేను వదల్లేదా తెలియదు. వెళ్ళైసామి ఫోటో తీసుకున్నాడు, సెలవు చెప్పి బైకెక్కినాడు.

మేం కారు దగ్గరికి వస్తుంటే పక్క చేని వేలాయుదం ఎదురొచ్చినాడు. చేతిలో కర్ర, గోనెసంచి.

"పొన్నమ్మక్కా, నీకు ముళ్ళెలి దొరికిందంటనే. మా మనవడికి ఒకటే దగ్గు. రెండు ముళ్ళుంటే ఇయ్యక్కా."

"లేదప్పా. వదిలేసినా."

"అయ్యయ్యో. యాడ? ఇప్పుడేనా? దూరం పోయుండదు."

ఉత్తరం పక్కకు చూడకూడదని ఎంత అనుకున్నా నా కళ్ళు అటే పోయినాయి. అత్త చెయ్యెత్తి దక్షిణం పక్క, రోడ్డు వైపు చూపించింది.

"అదిగో, ఆ మోరీ పక్కన. గబగబా పో, దొరకతాది."

అతను రెండడుగులు వేసినాడు. అత్త మళ్ళీ పిలిచింది.

"వేలాయుదం, నిలువు. బిడ్డకు ఎన్నాళ్ళుగా దగ్గు?"

"సిత్తిర నెల నుంచి అక్కా."

"ముళ్ళతో పోయే దగ్గు కాదది. నాకూ అట్లే ఉండె. రేపు పొద్దున మొదటి బస్సుకు బిడ్డను, వాళ్ళమ్మను కోవిల్‌పట్టికి తీసుకుని రా. బస్టాండులో నేను నిలబడుంటా. నేనే ఆస్పత్రికి తీసుకుని పోయి చూపిస్తా. ఆ నర్సు నాకు తెలుసు."

అతను కర్ర కింద పెట్టి తల గోక్కున్నాడు. వస్తానన్నాడు. అయినా పోతూ పోతూ మోరీ దగ్గర వంగి ఒకసారి చూసుకున్నాడు.

అత్త పోయి కారులో కూర్చుంది, ముందు సీటులో. ఊళ్ళో తాళం వేసిన ఆమె ఇల్లు అక్కడి నుంచి కనబడుతోంది. ఆమె అటు చూడలేదు. మా ఆయన కారు తాళం చేతిలో పట్టుకుని నా వైపు చూసినాడు. అత్త సంచి డిక్కీలో ఉంది. ఆయన దించలేదు. నేను దించలేదు.

"పొద్దుపోతుండాది," అనింది అత్త. "రేపు మొదటి బస్సుకు నేను బస్టాండులో ఉండాల."